ఇంజను రాకముందే పట్టిన తుప్పు

ఆ ఆదివారం ఉదయం పళ్ళాయన పెట్టుకున్న పని చాలా చిన్నది. టీ తాగాలి, డాబా మెట్ల రెయిలింగుకు జానెడు మేర తుప్పు పట్టించాలి, ఎవరూ చూడకముందే దాన్ని తుడిచేయాలి.

పళ్ళాయన అన్న పేరు ఆ మూడంతస్తుల భవనంలో వాళ్ళు పెట్టింది. ఆయన దంతవైద్యశాలలో కట్టుడు పళ్ళు తయారు చేస్తాడు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు పండ్ల వ్యాపారి అనుకుని సరుకు ఎలా ఉందని అడగడం, ఆయన ఎంతో నిజాయితీగా "నోరు చూడందే చెప్పలేనండీ" అనడం మామూలే. పళ్ళన్నీ ముత్యాల్లా ఉంటే ఎవరూ నమ్మరని ఆయనకు అనుభవం నేర్పింది. ఒకదానికి కాస్త పసుపు ఛాయ ఉండాలి. ఇంకొకదాని మీద వెంట్రుక వాసి గీత ఉండాలి. అబద్ధానికి ప్రాణం పోసేది లోపమే అన్నది ఆయన సిద్ధాంతం.

ఆ సిద్ధాంతం ఆయనను నమూనా రైళ్ళ దగ్గరకూ వెంబడించింది. ఆయన ఇప్పుడు ఎదురుచూస్తున్నది ఒక పొట్టి ఆవిరి ఇంజను కోసం. పూర్వం కర్మాగారాల ఆవరణలో బొగ్గు బండ్లు లాగిన నాలుగు చక్రాల జీవి. బాయిలరు మీద జీను వేసినట్టు నీళ్ళ తొట్టి, ముందు ఒక మొండి పొగగొట్టం. పెద్ద ఇంజన్లలా అది ఊళ్ళు చూడలేదు. ఒక గేటు నుంచి ఇంకో గేటుకు తిరుగుతూ బతుకు వెళ్ళదీసింది. అందుకే ఆయనకు దాని మీద అంత అభిమానం కావచ్చు. దాని నమూనాను, అరచేతిలో పట్టేదాన్ని, తెస్తున్నామని ఒక కంపెనీ ప్రకటించింది. తరవాత పొగగొట్టం పొడుగైందని ఒకసారి, చక్రాలు సన్నబడ్డాయని ఇంకోసారి వాయిదా వేసింది. ప్రకటన వచ్చిన నాడు ఆయన నెత్తిన ఉన్న జుట్టులో కొంత ఇప్పుడు లేదు. ఇన్నాళ్ళకు దుకాణందారు ఫోను చేసి, సరుకు ఓడలో ఉందని, శనివారానికి చేతికి వస్తుందని చెప్పాడు.

అయితే కర్మాగారంలో చాకిరీ చేసిన ఇంజను మెరుస్తూ ఉండకూడదు. దానికి మసి ఉండాలి, తుప్పు ఉండాలి. అవి రంగులతో, కుంచెతో మనమే వేయాలి. ఇన్నాళ్ళు ఎదురుచూసిన ఇంజను మీద మొదటి గీతే తప్పు పడితే? అందుకని ఆయన కిందటి నెలలో బిస్కట్ల డబ్బా మీద సాధన చేశాడు. లెక్కల టీచరైన ఆయన భార్య ఆ డబ్బాను చూసి, బిస్కట్లతో సహా చెత్తలో పడేసింది. నిజం తెలిశాక షరతు పెట్టింది.

"ఏమండీ, ఇంక మన ఇంటి వస్తువు దేని మీదైనా మీరు వేసిన తుప్పు కనిపించిందా, ఆ బొమ్మ వచ్చిన పెట్టెలోనే వెనక్కి వెళ్ళిపోతుంది. ముందే చెప్తున్నా."

"బొమ్మ కాదు, నమూనా."

"ఏదైతేనేం, వెళ్ళిపోతుంది."

డాబా మెట్ల రెయిలింగు ఇంటి వస్తువు కాదని పళ్ళాయన తనలో తాను తీర్మానించుకున్నాడు. దాని గొట్టం వంపు అచ్చం బాయిలరు వంపులాగే ఉంది. మొదట ఇటుకరంగు పూశాడు. దాని మీద నారింజ పొడి అద్దాడు. అంచుల్లో నలుపు కూరి, బోల్టు కింద వాననీళ్ళు కారినట్టు సన్నని చార లాగాడు. రెండడుగులు వెనక్కి వేసి చూస్తే గుండె నిండింది. జానెడు అనుకున్నది మూరెడైంది. తుడవడానికి స్పిరిటు సీసా తెద్దామని లోపలికి వెళితే, టీచరమ్మ గ్యాసు సిలిండరు మార్చమంది. మార్చి వచ్చేసరికి రెయిలింగు ముందు భవనం సెక్రటరీ గారు వంగి ఉన్నారు.

"కదలకండి!" అన్నారాయన, వెనక్కి తిరక్కుండానే.

సెక్రటరీ గారు జీవితమంతా అగ్నిమాపక శాఖలో పనిచేసి, ఒక్క పెద్ద మంటైనా చూడకుండానే పదవీ విరమణ చేసినవారు. లోకం తనకు ఒక ప్రమాదం బాకీ ఉందని ఆయన గట్టిగా నమ్ముతారు.

"చూశారా? నిన్నటిదాకా నున్నగా ఉంది. ఇనుమంటే అంతేనండీ. లోపల్లోపలే తినేసి, ఒక్కసారి బయటపడుతుంది."

"అంత భయపడాల్సిందేం లేదేమోనండీ. పైపైనే అనుకుంటా."

"పైపైనా? పళ్ళ పని చేసే మీరే ఆ మాటంటే ఎలా? పుచ్చుపన్ను పైకి ఎంత కనిపిస్తుంది, లోపల ఎంత ఉంటుంది?"

వృత్తిరీత్యా ఆ వాదాన్ని పళ్ళాయన ఒప్పుకోక తప్పలేదు. 'అది రంగండీ' అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అక్కడ దానికి శనివారం అడ్డం నిలబడింది.

మధ్యాహ్నానికి మెట్లకు అడ్డంగా ఎర్రతాడు వెలిసింది. సోమవారం కుళాయిల్లో నీళ్ళు రాలేదు, ఎందుకంటే డాబా మీద ట్యాంకు వాల్వు తిప్పాల్సిన వాచ్‌మన్ తాడు దాటనన్నాడు. "నాకు పెళ్ళాం పిల్లలున్నారు సార్" అన్నాడు. ఆ మాటకు ఆ భవనంలో పెళ్ళాం పిల్లలున్న మగవాళ్ళంతా మౌనం వహించి, బిందెలు పట్టుకుని వీధి కుళాయికి నడిచారు. డాబా మీద ఆరవలసిన బట్టలు ఆరేచోటు లేక, చివరికి ప్రమాద సూచకమైన ఆ ఎర్రతాడు మీదికే చేరాయి. కింది ఇంటి బామ్మగారి చీర దాని మీద రెపరెపలాడుతుంటే, ప్రమాదం కాస్త ఇంటిమనిషిలా కనిపించసాగింది.

మంగళవారం తెల్లవారుతుండగా పళ్ళాయన స్పిరిటూ దూదీ పట్టుకుని, చీర కింది నుంచి వంగి, తాడు దాటాడు. కానీ రంగు రెండు రోజులు గట్టిపడి ఉంది. తుడిచినకొద్దీ అది పోవడానికి బదులు పలచబడి పక్కకు జరిగింది. పక్కనున్న రెయిలింగు స్తంభానికి అంటింది. కింది మెట్టు మీద బొట్లుగా రాలింది. ఆయన దూదిని జేబులో కుక్కుకునేలోపు చీర అవతలి నుంచి కేక వినిపించింది.

"మీరా! తాడు దాటి! ఒంటరిగా!"

"ఊరికే... ఒకసారి చూద్దామని."

సెక్రటరీ గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "అయ్యో, పాకేసిందండీ! రాత్రికి రాత్రే! ఇట్లా పాకే తుప్పును నేను నా సర్వీసులో చూడలేదు." ఆయన గొంతులో భయం ఉంది, దాని అడుగున ఏదో తృప్తి కూడా ఉంది. "అయినా మీ ధైర్యానికి మెచ్చుకోవాలి. ఈ పూట నుంచి దీన్ని కనిపెట్టే బాధ్యత మీదే. రోజూ పొద్దున్నే వచ్చి నాకు చెప్పాలి."

అలా తుప్పు వేసినవాడే తుప్పుకు కాపలాదారు అయ్యాడు. బుధవారం ఆయన "ఈరోజు పాకలేదండీ" అని చెప్పాడు. "మీరు మమ్మల్ని ఊరడించడానికి అంటున్నారు" అన్నారు సెక్రటరీ గారు. రెయిలింగు గతి ఇదైతే ట్యాంకు కింది ఇనుప స్టాండు సంగతేమిటన్న ప్రశ్న ఆ సాయంత్రమే పుట్టింది. రెండో అంతస్తు వాళ్ళు పెట్టెలు సర్దుకుని తోడికోడలి ఇంటికి వెళ్ళిపోయారు. శుక్రవారం వెల్డింగ్ మేస్త్రి వచ్చి మెట్ల రెయిలింగంతా కోసేయాలని నిర్ణయం జరిగింది.

ఆ సాయంత్రమే టీచరమ్మ కూడా బడి నుంచి వస్తూ తాడు దగ్గర ఆగింది. చాలాసేపు చూసింది. ఇంట్లోకి వచ్చి చేసంచీ దించి, కుర్చీలో కూర్చుంది.

"ఆ బోల్టు కింద చార చూశారా? ఎడమపక్కకే కారింది."

"అవునా? నేను గమనించలేదు."

"మన బిస్కట్ల డబ్బా మీద కూడా ఎడమపక్కకే కారింది. తుప్పుకు కూడా ఎడమచేతివాటం ఉంటుందా అండీ?"

పళ్ళాయన తన ఎడమచేతిని నెమ్మదిగా ఒళ్ళోకి దించుకున్నాడు.

"అది ఇంటి వస్తువు కాదు కదా" అన్నాడు చివరికి.

"రోజూ తడిబట్టల బకెట్టు మోస్తూ నేను పట్టుకునేది దాన్నే. అది నా ఇంటిది కాకపోతే ఎవరింటిది?" ఆమె గొంతు పెంచలేదు. పిల్లల తప్పు లెక్కకు కూడా ఆమె గొంతు పెంచదు; అందుకే వాళ్ళు ఎక్కువ భయపడతారు. "శుక్రవారం ఆ మేస్త్రి వచ్చేలోపు మీరే చెప్తే మర్యాద."

"చెప్తే ఇంజను?"

"వెళ్ళిపోతుంది."

"చెప్పకపోతే?"

"ఉంటుంది. నేనూ ఉంటాను. అది పట్టాల మీద తిరుగుతున్నంతసేపూ మీ మొహమే చూస్తూ కూర్చుంటాను."

గురువారం ఆయన బామ్మగారికి ఎదురుపడ్డాడు. సాయంత్రం పూట డాబా మీద గాలికి కూర్చోవడమొక్కటే ఆవిడకున్న షికారు. ఇప్పుడు తలుపు దగ్గర పీట వేసుకుని, గోడకేసి విసురుకుంటోంది. ఆయన చెయ్యి పట్టుకుంది.

"నువ్వే కాపలా కాస్తున్నావటగా నాయనా. ఆ కమ్మీ మీదే వాలేదాన్ని నేను. పడిపోయి ఉంటే ఈపాటికి నా ఫొటోకు దండ వేసుండేవాళ్ళు. నువ్వు చల్లగా ఉండాలి."

పళ్ళాయన చల్లగా లేడు. అర్హత లేని నింద భరించడం ఎంత కష్టమో ఆయనకు తెలుసు. అర్హత లేని ఆశీర్వాదం అంతకన్నా బరువని ఆ క్షణంలో తెలిసింది. రాబోయే ఇంజనును ఆయన కళ్ళ ముందుకు తెచ్చుకున్నాడు: తొట్టి, పొగగొట్టం, నాలుగు చక్రాలు. ప్రతిసారీ దాని వెనక ఒక పీట, ఒక విసనకర్ర కనిపించాయి.

శుక్రవారం ఉదయం మేస్త్రి మిషను దించాడు. భవనమంతా మెట్ల దగ్గర గుమిగూడింది. మేస్త్రి కళ్ళద్దాలు తగిలించుకుంటుండగా పళ్ళాయన ముందుకు వచ్చాడు.

"ఆగు బాబూ. కోయొద్దు. అందరూ వినండి. ఇది తుప్పు కాదు. రంగు. నేనే వేశాను."

టీచరమ్మ వెనక వరసలో చేతులు కట్టుకుని నిలబడింది.

"నాకు ఇంజనొకటి వస్తోంది, బొమ్మది." జీవితంలో మొదటిసారి ఆయన ఆ మాట వాడాడు. "దానికి తుప్పు వేయడం నేర్చుకుందామని దీని మీద వేశాను. నమ్మకపోతే చూడండి."

ఆయన స్పిరిటు దూదితో స్తంభం మొదలును బలంగా రుద్దాడు. నారింజ పోయింది. ఇటుకరంగు పోయింది. పాత బూడిదరంగు బయటపడింది. "చూశారా!" అని ఇంకాస్త రుద్దాడు. బూడిదరంగు పొక్కు లేచి ఊడింది. దాని కింద మళ్ళీ నారింజ కనిపించింది. అది తను వేసినది కాదు. అనుమానంగా బొటనవేలితో నొక్కాడు. అప్పడం విరిగిన చప్పుడైంది, వేలు గొట్టంలోకి దిగింది. కంగారుపడి వేలు లాక్కోబోతే, స్తంభం మొదలంటా విరిగి, ఊడిన పన్నులా ఆయన చేతిలోకి వచ్చేసింది.

బామ్మగారు గట్టిగా ఊపిరి పీల్చిన శబ్దం అందరికీ వినిపించింది.

"రంగన్నారు?" అన్నారు సెక్రటరీ గారు.

"రంగేనండీ. అంటే, పైన రంగు. లోపల..."

"అర్థమైంది!" సెక్రటరీ గారి కళ్ళు చెమర్చాయి. "ముందే కనిపెట్టారు. నోటితో చెప్తే హడలిపోతామని, రంగుతో గుర్తు పెట్టారు."

"కాదండీ, నాకేమీ తెలీదు. నిజంగా ఆడుకున్నాను."

"ఆ వినయమే వద్దంటాను."

ఇంతకాలం ఆయన చేసిన నకిలీ పళ్ళను జనం నిజమనే నమ్మారు. ఇప్పుడు ఆయన చెప్పిన నిజాన్ని ఒక్కరూ నమ్మలేదు. ఒక్కరు తప్ప.

"నేను నమ్మాను" అంది టీచరమ్మ ఇంటికొచ్చాక. "అందుకే రేపు ఆ పెట్టె విప్పకుండా వెనక్కి పంపేయండి."

పళ్ళాయన తలూపాడు. ఆ రోజు భోజనంలో ఆమె ఆయనకు మారు వడ్డించింది.

శనివారం పెట్టె రాలేదు. దుకాణందారు నుంచి ఫోను వచ్చింది.

"ఏం చెప్పమంటారు సార్! ఓడలో తేమ దిగింది. అన్ని ఇంజన్లకూ చక్రాలు, కడ్డీలు తుప్పు పట్టేశాయి. సరుకంతా మళ్ళీ పెట్టెల్లో కట్టేశాం, కంపెనీకి వెనక్కి పంపడానికి. ఇంకో ఏడాది ఓపిక పట్టండి సార్."

"తుప్పా? నిజమైన తుప్పా?" అన్నాడు పళ్ళాయన కుర్చీలోంచి లేచి.

"నిజమైందే సార్. క్షమించాలి."

పక్క నుంచే అంతా విన్న టీచరమ్మ, ఆయన మొహం చూసి ఫోను అందుకుంది.

"వెనక్కి పంపడానికి పెట్టెలు కట్టేశారా?"

"కట్టేశామమ్మా."

"అయితే వెనక్కి వెళ్ళినట్టే లెక్క. నా షరతు తీరిపోయింది. మళ్ళీ రాకూడదని నేననలేదు." పళ్ళాయన ఆమె వైపు ఆశ్చర్యంగా చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది. "అందులో ఒకటి విప్పి మాకు పంపండి. ఆ తుప్పుతోనే."

"తుప్పు పట్టింది ఎలా పంపనమ్మా? మా పరువు..."

"బాబూ, ఈ ఇంట్లో తుప్పుకున్నంత పరువు ఇంకెక్కడా దొరకదు. పంపించండి."

పెట్టె రెండో రోజుకల్లా వచ్చింది. పళ్ళాయన దీపం దగ్గరకు జరుపుకుని ఇంజనును అరచేతిలో నిలబెట్టాడు. జీను తొట్టి, మొండి పొగగొట్టం, నాలుగు చక్రాలు, చక్రాల మీద ఏ కుంచే తాకని తుప్పు. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"ఎలా ఉందండీ?" అంది టీచరమ్మ, పక్కకు వచ్చి వంగి.

ఆయన పెదవి విరిచాడు.

"నమ్మేలా లేదు."