ముప్పై ఆరు వేల ప్రదక్షిణలు

మధ్యవర్తి లేకుండా ఏ పని చేసినా పాపమే! నా మాట మీకు నచ్చకపోవచ్చు. అయినా పాండురంగడి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఈ కలికాలంలో మనల్ని ఉద్ధరించడానికి దిగివచ్చింది ఓఆర్ఎం ఒక్కటే.

అదేమిటంటారా? ప్రోగ్రాము రాసేవారి భాష ఒకటి, సమాచారం దాచుకున్న డేటాబేస్ భాష మరొకటి. రెంటి నడుమా కూర్చుని ఇటు మాట అటు చేరవేసే దుబాసీయే ఓఆర్ఎం. అది ఉంటే డేటాబేస్ భాష మనకు రానక్కరలేదు. ఎంత హాయి! వంటవాడు దొరికాక పొయ్యి ఏ మూల ఉంటే మనకేం?

నేను పుణేలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రోగ్రాములు పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాను. చదువు డిప్లొమాతో ఆగింది. కాళ్లు మాత్రం ఆగలేదు. ఏటా ఆషాఢ ఏకాదశికి మా ఆఫీసువాళ్లం కొందరం ఆళంది నుంచి పండరిపురానికి పాదయాత్రలో నడుస్తాం. ఈసారి సేవగా, తప్పిపోయినవారిని వెతికే ప్రోగ్రాము తయారుచేశాం. ఎవరు ఏ సేవా గుడారానికి చేరినా అక్కడివాళ్లు అందులో ఎక్కిస్తారు. రాసింది మా ఆఫీసు అమ్మాయి అనఘ. పరీక్షించింది నేను. ఎనిమిది పేర్లు పెట్టి చూశాను. రెప్పపాటులో వచ్చాయి! "భేష్" అని రాసి సంతకం పెట్టాను.

యాత్రలో నమోదైన పేర్లు పన్నెండు వేలు.

దివే ఘాటు కొండదారి ఎక్కి సాస్వడ్ చేరిన మధ్యాహ్నం, మా గుడారానికి భికోబా అనే ముసలాయన రొప్పుతూ వచ్చాడు. "మావులీ, తల్లీ, మా ఆవిడ ధోండాబాయి కనబడటం లేదు! ఘాటు మీద చెయ్యి వదిలేసింది. దాని షుగరు మాత్రలు నా సంచిలోనే ఉండిపోయాయి. పొద్దుట్నుంచి వేసుకోలేదు."

అనఘ ఆ పేరు కొట్టింది. తెర మీద చక్రం తిరగడం మొదలైంది.

ఆహా, మా దుబాసీ భక్తి ఏమని చెప్పను! ముందు పన్నెండు వేల పేర్లూ మోసుకొచ్చింది. ఆ తర్వాత ఒక్కో పేరు పట్టుకుని "ఈయన ఊరేది?" అని వెళ్లి వచ్చింది. "ఈయన జట్టేది?" అని మళ్లీ వెళ్లింది. "ఫోను నంబరేది?" అని మరోసారి. మొత్తం ముప్పై ఆరు వేల ప్రదక్షిణలు! నేను జన్మంతా గుడి చుట్టూ తిరిగినవి కలిపితే వెయ్యి ఉంటాయా?

మా ఆవిడ నన్ను ఇలాగే కిరాణా కొట్టుకు పంపితే ఎంత బాగుండేది! జీలకర్ర తెచ్చి ఇంట్లో పెట్టడం, ఆవాలకు మళ్లీ వెళ్లడం, పసుపుకు మళ్లీ వెళ్లడం. ఈపాటికి నా బొజ్జ కరిగిపోయేది! పెళ్లి భోజనాలు ఇలా ఒక్కో మెతుకూ తెచ్చి వడ్డిస్తే అన్నం వృథా అయ్యే మాటే లేదు. కాకపోతే మొదటి పంక్తి లేచేసరికి వధూవరులకు మనవలు పుడతారు.

"ఇంకెంతసేపమ్మా?" అన్నాడు భికోబా.

"వచ్చేస్తోంది కాకా. చాలా అందంగా రాశాం దీన్ని," అంది అనఘ.

"అందానికేంగానీ, మా ఇంటిది ఎక్కడ?"

నేను మెల్లగా అడిగాను. "అనఘా, డేటాబేస్‌ని మనమే ఒక్క మాట అడిగేస్తే?"

చెప్పులతో గర్భగుడిలోకి వెళ్దామని నేనన్నట్టు చూసింది నన్ను. "నేరుగానా! ఆ భాష కాలేజీలో పరీక్ష కోసం చదివాను కాకా. ఆ తర్వాత దానితో పనే పడలేదు."

గుడారం మూల మెంతికూర గిల్లుతున్న సుమతీతాయి లేచింది. ముప్పై ఏళ్లు ఏదో ఆఫీసులో డేటాబేస్ చూసుకుని రిటైరైన మనిషి. చీర చెంగుకు చేతులు తుడుచుకుని ఒక్క వాక్యం కొట్టింది. వేలు ఎత్తేలోపు జవాబు వచ్చింది. ధోండాబాయి, ఏడో గుడారం.

మాది ఆరోది!

మృదంగాల హోరులో, ఒక్క గుడ్డ గోడకు అవతల, ధోండాబాయి చెమటలు కక్కుతూ మరో కంప్యూటరు ముందు నిలబడి ఉంది. అందులోనూ మా చక్రమే తిరుగుతోంది. భికోబా కోసం!

మాత్ర మింగి మొగుడి మీద విరుచుకుపడింది. "నేను తప్పిపోయానా? తప్పిపోయింది నువ్వు! గంట నుంచి ఈ చక్రం నీ కోసం తిరిగి చస్తోంది!"

అనఘ ముఖం చిన్నబోయింది. "దుబాసీది తప్పు కాదు కాకా. అన్నీ ఒకేసారి తెమ్మంటే తెచ్చేదే. నేనే చెప్పలేదు."

నేనూ అడగలేదు. ఎనిమిది పేర్లు చూసి సంతకం పెట్టిన చెయ్యి ఇదే.

భికోబా, భార్య చెయ్యి గట్టిగా పట్టుకుని, అనఘతో అన్నాడు. "పండరిలో విఠలుడి పాదాల మీద మన తల మనమే ఆనిస్తాం కదమ్మా. ఇంకొకళ్ల చేత ఆనిపిస్తామా? అందుకేగా ఇంత నడక!"

అనఘ సుమతీతాయి పక్కన చతికిలబడి మెంతికూర కట్ట లాక్కుంది. "ఇది నేను గిల్లుతాను. ఆ వాక్యం ఎలా రాశారో చెప్పండి తాయీ."

పాఠకులారా, నేను మాత్రం నా మాట మీదే ఉన్నాను. ఓఆర్ఎం దేవుడిచ్చిన వరం! ఇందులో సందేహం లేదు. కాకపోతే నా సంతకం కొట్టేసి, రెండో కట్ట తీసుకుని, నేనూ వాళ్ల పక్కన కూర్చున్నాను.