చక్రం తిరుగుతోంది, కూర్చోండి

కంప్యూటరు నిదానంగా నడవడం మనం చేసుకున్న పుణ్యం! నవ్వకండి. మా వీధి చివరి ఆసుపత్రిలో, మందుల కౌంటరు ముందు నెలకోసారి రెండేసి గంటలు కూర్చుని మరీ చెబుతున్నాను.

అంతకుముందు ఏముండేది? చీటీ చూపించగానే కౌంటరు అమ్మాయి వెనక అలమారలోంచి మందు తీసి ఇచ్చేసేది. ఐదు నిమిషాలు! పక్కనున్న మనిషికి ఏ జబ్బో తెలిసేలోపే పని అయిపోయేది. అదీ ఒక బతుకేనా?

ఇప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. తెర మీద చిన్న చక్రం తిరుగుతూ ఉంటుంది. అది ఆగేలోపు మోకాళ్ల నొప్పులాయన మూడు ఆపరేషన్ల కథ, రిటైరైన టైపిస్టు తన కోడలి మీద చెప్పే చాడీలు మొత్తం విన్నాను. పుట్టబోయే మనవడికని స్వెట్టరు మొదలుపెట్టినావిడ, ఇప్పుడు దాన్ని విప్పి బడికెళ్ళే పిల్లాడి కొలతకు అల్లుతోంది!

ఈ మహోపకారం ఊరికే జరగలేదు సుమండీ. ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన జట్టులో మా మనవరాలు ఉంది. మొదటి మీటింగులోనే ఆసుపత్రి మేనేజరుని అడిగిందట:

"సార్, పొద్దున్న ఒకేసారి ఎంతమంది వస్తారండీ? తెలిస్తే దానికి తగ్గట్టు కడతాం."

"ముందు అది పనిచెయ్యనీ తల్లీ! వేగం సంగతి తర్వాత చూద్దాం."

అప్పట్నుంచీ మా ఇంట్లో ఆయన పేరు తర్వాతయ్య.

ఎంత గొప్ప మాట! ఎసరు పెట్టేముందే తినేవాళ్ళెంతమందని అడిగే మొద్దుబుర్రలం మనం. దర్జీ అయితే కత్తెర పట్టకముందే టేపు తీస్తాడు, వెర్రిబాగులవాడు. తర్వాతయ్య అలా కాదు. పరీక్షకి తన ఆఫీసులోని ఆరుగురిని కూర్చోబెట్టాడు. ఆరుగురూ గుండ్రాళ్ళలాంటి మనుషులు, ఒక్కరికీ దగ్గయినా లేదు. సాఫ్ట్‌వేర్ గుర్రంలా పరిగెత్తిందట! చప్పట్లు కొట్టుకున్నారట!

కౌంటర్లో దాన్ని మొదలుపెట్టిన రోజు పొద్దున్నే జబ్బు మనుషులు పద్ధతీ పాడూ లేకుండా వందల్లో వచ్చిపడ్డారు. తప్పు సాఫ్ట్‌వేర్‌దా, జబ్బులదా?

"ఇప్పుడైనా బాగుచెయ్యకూడదుటే?" అని మనవరాలిని అడిగాను.

"ఇల్లంతా కట్టేశాక గోడలు పగలగొట్టి పైపులు వెయ్యడం అమ్మమ్మా. అప్పుడైతే వారం పని. ఇప్పుడు ఏడాది."

"మరి మీ తర్వాతయ్య ఏమంటాడు?"

"నువ్వే చెప్పు!"

పోయిన నెల మా చెల్లెలికి ఆయాసానికి పీల్చే మందు అయిపోయింది. కౌంటరు దగ్గరికి తీసుకెళ్ళాను. మందు డబ్బా అమ్మాయి వీపు వెనకే, అద్దాల అలమారలో, నాకు కనిపిస్తూనే ఉంది. చక్రం తిరుగుతోంది. చెల్లెలు నా భుజం పట్టుకుంది. చక్రం తిరుగుతోంది.

"అక్కా... ఊపిరి..." అంది. పెదాలు నల్లబడ్డాయి.

"కంప్యూటరు ఒప్పుకుంటేగానీ ఇవ్వకూడదు మామ్మగారూ," అంది కౌంటరు అమ్మాయి, ఏడుపు గొంతుతో.

"దానికేం తల్లీ, ఊపిరితిత్తులా పాడా!"

అమ్మాయి చటుక్కున అలమార తెరిచి డబ్బా నా చేతిలో పెట్టింది. చెల్లెలు పీల్చుకుంది. బతికింది.

కంప్యూటర్లో ఎక్కించకుండా మందు ఇచ్చినందుకు ఆ అమ్మాయికి మెమో వచ్చింది. ఆ కంప్యూటర్లోంచి క్షణాల మీద వచ్చింది అదొక్కటే!

నేను పెద్ద డాక్టరుగారికి ఫిర్యాదు రాశాను. వెంటనే చర్య తీసుకున్నారు. కొత్త కుర్చీలు వేయిస్తారట! చెవిలో పెన్సిలు పెట్టుకుని వడ్రంగి వచ్చాడు.

"ఒకేసారి ఎంతమంది కూర్చుంటారు సార్? అది తెలీకుండా నేను చెక్క కొయ్యను," అన్నాడు.

తర్వాతయ్య "తర్వాత చూద్దాం" అనలేదండీ! రెండు రోజులు గుమ్మం దగ్గర నిలబడి, వేలు చూపిస్తూ ఒక్కో తలా లెక్కపెట్టాడు. నాలుగు వందల పన్నెండు. మా మనవరాలు మొదటి రోజు అడిగిన అంకె!

కుర్చీలు వచ్చాయి. ఒక్కటీ తక్కువ కాలేదు.

మా చెల్లెలి మందు ఇరవయ్యో తేదీకి మళ్ళీ అయిపోతుంది. చక్రం తిరుగుతూనే ఉంది. అలమారకి ఇప్పుడు తాళం వేశారు. కూర్చోవడానికి మాత్రం ఏ లోటూ లేదు.