శాలేమురాజు గడియారం పాడించిన పెళ్ళి

ఆ శనివారం ఉదయం శాలేమురాజు పథకం చాలా చిన్నది. తెనాలిలో పాసింజరెక్కి బాపట్లలో దిగాలి. సాయంత్రం భార్య అన్న లాజరు కూతురు షారోన్ పెళ్ళి చూడాలి. తాను స్వయంగా తయారుచేసిన గడియారం పిల్ల చేతిలో పెట్టి, భోంచేసి తిరిగి రావాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందో మీరే చెప్పండి. ఆయన భార్య కరుణకు మాత్రం ఆ చోటు స్పష్టంగా కనిపించింది.

"గడియారం వద్దండీ. పిల్లకి మిక్సీ కొనిద్దాం," అంది చీరలు మడతపెడుతూ.

"మిక్సీ అందరూ ఇస్తారే."

"అందరూ ఇచ్చేది ఇస్తే ఎవరూ ఏమీ అనరు."

శాలేమురాజు అంగలకుదురు హైస్కూల్లో సైన్సు మాస్టారు. మిగతా మాస్టార్లు బడి అయ్యాక చీటీలు వేస్తారు, స్థలాల బేరాలు చేస్తారు. ఈయన నిక్సీ ట్యూబులు పోగేస్తాడు. నిక్సీ ట్యూబంటే బొటనవేలంత గాజు బుడ్డి. దాని లోపల సున్నా నుంచి తొమ్మిది దాకా సన్నని తీగతో చేసిన అంకెలు ఒకదాని వెనుక ఒకటి నిలబడి ఉంటాయి. ఏ అంకెకు కరెంటు అందితే ఆ అంకె నారింజ రంగులో వెలుగుతుంది. ఎప్పుడో మన తాతల కాలంలో పెద్ద పెద్ద మీటర్లలో వాడేవారు. ఇప్పుడు అంగుళం ప్లాస్టిక్ తెర వాటి పని చేసేస్తోంది కాబట్టి లోకం వాటిని మర్చిపోయింది. శాలేమురాజు మర్చిపోలేదు. పాత ఇనుము కొట్లలో, మూతపడ్డ లాబొరేటరీల్లో వెతికి వెతికి తెచ్చి, నాలుగేసి ట్యూబులు పేర్చి గడియారాలు కడతాడు. కరుణ పట్టుచీరలు దాచుకోవాల్సిన గాజు అలమరా నిండా ఆ గడియారాలే. పాపం, ఆమె చీరలు మంచం కింద ట్రంకు పెట్టెలో ఉంటాయి.

ఆయన లాజరుకు గడియారం ఇవ్వడం ఇది మొదటిసారి కాదు. వాళ్ళ గృహప్రవేశానికి ఒకటి ఇచ్చాడు. ముచ్చటపడి లాజరు వేలితో ముట్టుకోగానే అది కొట్టిన కరెంటు దెబ్బకు చేతిలోని పాయసం గిన్నె ఎగిరి కొత్త సోఫా మీద పడింది. ఆ తర్వాత అన్నయ్య ఇంట్లో కరుణను ఎవరు ఎక్కడ కూర్చోమన్నా మొదట ఆ మరకే కనిపించేది.

అందుకని ఆమె చీరలు పక్కన పెట్టి గట్టిగా అడిగింది. "ఈసారి ఏమన్నా తేడా జరిగిందా, ఆ అలమరాలోవన్నీ డబ్బాల్లో సర్ది పాత సామాన్లవాడికి ఇచ్చేయాలి. సరేనా? మాటివ్వండి."

"ఇచ్చాను పో," అన్నాడు శాలేమురాజు. ఇచ్చాక అలమరా వైపు ఒకసారి చూశాడు. ఆయనకు మాటంటే మాటే. బడిలో పిల్లలకు సెలవిస్తానని నోరుజారితే వానలో కూడా నిలబడి గేటు తీయించే మనిషి.

బాపట్లలో లాజరు ఇల్లు చుట్టాలతో కిటకిటలాడుతోంది. శాలేమురాజు తువ్వాలు విప్పి గడియారం చూపించాడు. టేకు పెట్టె, ముందు అద్దం, లోపల నాలుగు ట్యూబులు. క్రైస్తవుల పెళ్ళి కదా అని పైన చిన్న సిలువ కూడా చెక్కాడు. లాజరు చేతులు వెనక్కి కట్టుకుని బారెడు దూరం నుంచి చూశాడు.

"ఇది కూడా కొడుతుందా బావా?"

"అయ్యో, లేదు బావగారూ. అద్దం బిగించాను."

అంతలో పిల్లల గుంపొకటి వచ్చి పెట్టె మీద పడబోయింది. కరుణ దాన్ని అందుకుని భర్త చేతిలో పెట్టింది. "ఇక్కడ వద్దండీ బాబూ. చర్చిలో పెట్టి రండి. అక్కడైతే ఎవరూ ముట్టుకోరు." ఈ సలహా ఎవరిదో పాఠకులు గుర్తుంచుకుంటే చాలు. తర్వాత కరుణకు మాత్రం అది గుర్తులేదు.

పాత ట్యూబులను కాసేపు వెలగనిస్తే గానీ అంకెలు నిండుగా రావు. చర్చిలో బలిపీఠం పక్కన ప్లగ్గు కనిపిస్తే, అక్కడే బల్ల మీద పెట్టి, వైరు గుచ్చి, టైము సరిచేశాడు. నారింజ రంగు అంకెలు మెల్లగా వెలిగాయి. కన్నబిడ్డను చూసుకున్నట్టు చూసుకుని బయటికొచ్చాడు. పెళ్ళికొడుకు వాళ్ళు రేపల్లె నుంచి బస్సులో వస్తున్నారు. మలుపు దగ్గర నిలబడి ఆ బస్సును చర్చికి తీసుకురావడం లాజరు ఆయనకు అప్పగించిన పని.

ఆయన అటు వెళ్ళాడో లేదో, చర్చి ఊడ్చే వరమ్మ ఇటు వచ్చింది. ఆ చర్చిలో కీర్తనల నంబర్లు పాస్టరు అయ్యగారు నోటితో చెప్పరు. ముందే చీటీ ఇస్తే, వరమ్మ గోడకున్న చెక్క బోర్డు మీద రేకు అంకెలు తగిలిస్తుంది. అయ్యగారు "కీర్తన పాడుకుందాం" అంటారు, జనం బోర్డు చూసి పుస్తకం తీస్తారు. ఏళ్ళ తరబడి అదే పద్ధతి. ఇంకో పద్ధతి కూడా ఉంది. పెళ్ళి జరిగే ఇంటివాళ్ళు చర్చికి ఫ్యానో బెంచీయో కానుకిస్తారు. వరమ్మ చూసింది. టేకు పెట్టె, పైన సిలువ, లోపల అంకెలు. ఆమెకు రెండో ఆలోచన రాలేదు.

"మా తల్లి షారోనమ్మ! కరెంటు బోర్డు చేయించారు!" అని మురిసిపోయి, పాత బోర్డు దించి లోపల పెట్టేసింది. కొత్తదాన్ని అందరికీ కనపడేలా ఎత్తు స్టాండు మీదికి ఎక్కించింది. నంబర్లు ఎలా మారతాయని కీబోర్డు వాయించే వినయ్ కుమార్ అడిగితే, "కరెంటుది కదయ్యా, అదే మారుద్ది," అని ధైర్యం చెప్పింది.

బస్సు ఆలస్యమై, పెళ్ళి ఆరింటికి మొదలైంది. అయ్యగారు "కీర్తన పాడుకుందాం" అనేసరికి గడియారంలో ఆరూ ఐదు. జనం ఆరువందల ఐదు తీశారు. అది పెళ్ళి కీర్తనే! వాళ్ళ పుస్తకంలో ఆరువందల దగ్గర పెళ్ళి పాటలు, వాటి తర్వాత పంట పాటలు ఉంటాయి. ఆ తర్వాత ఏముంటాయో కాసేపట్లో తెలుస్తుంది. అందరూ హాయిగా పాడారు. లాజరు, కరుణల కళ్ళు పెళ్ళికూతురి మీదే ఉన్నాయి, బోర్డు వైపు చూడనేలేదు. వరమ్మ తలుపు దగ్గర నిలబడి గర్వంగా కొంగు సర్దుకుంది.

ప్రార్థన, వాక్యం అయ్యాక మళ్ళీ కీర్తన. ఈసారి ఆరూ పదిహేడు. కొత్త ధాన్యం ఇంటికి తెచ్చినప్పుడు పాడేది. బాపట్లవాళ్ళు ఎత్తుకున్నారు. కుడివైపు బెంచీల్లో ఉన్న రేపల్లెవాళ్ళు కళ్ళజోళ్ళు తీసుకునేలోగా అంకె మారింది. వాళ్ళు పద్దెనిమిది పట్టుకున్నారు, అది వానల కోసం పాడేది. రేపల్లెవాళ్ళ గొంతులంటే మాటలా? పాటలో ఒకరికి తగ్గే రకం కాదు. ఎడమవైపు పంట కోతకొచ్చింది, కుడివైపు వాన దంచేస్తోంది. వినయ్ కుమార్ ఎడమ చేత్తో ఒకటి, కుడి చేత్తో ఒకటి వాయించి చెమటలు తుడుచుకున్నాడు. అయ్యగారికి బోర్డు వీపు వెనకాల ఉంది. తాను చీటీలో రాసిచ్చినవి ఇవి కావే అనుకున్నా, రెండు కుటుంబాలూ మాట్లాడుకుని మార్చుకున్నారేమోనని మంచి మనసుతో ఊరుకున్నారు.

ప్రసంగం తర్వాత మూడో కీర్తన. ఆరూ ముప్పై ఒకటి. పాట మొదలయ్యాక గానీ జనానికి అర్థం కాలేదు, అది శవపేటికను సమాధిలోకి దించేటప్పుడు పాడే కీర్తన. కానీ ఎత్తుకున్న కీర్తన మధ్యలో ఆపే అలవాటు అక్కడెవరికీ లేదు. పెళ్ళికొడుకు ముఖం పాలిపోయింది. ఆడవాళ్ళు అలవాటుకొద్దీ కొంగులు కళ్ళకు ఒత్తుకున్నారు.

సరిగ్గా అప్పుడు, బస్సును వెనక వీధిలో నిలబెట్టించి, డ్రైవరుకు టిఫిను పెట్టించి శాలేమురాజు లోపలికొచ్చాడు. స్టాండు మీద తన గడియారం చూడగానే ముందు పొంగిపోయాడు. తర్వాత పాట విన్నాడు. ఆ తర్వాత అంకెలు చూశాడు. గాజు అలమరా ఖాళీగా కళ్ళ ముందు కనిపించింది. గోడ వారగా పిల్లిలా నడిచి వెళ్ళి ప్లగ్గు పీకేశాడు. అది ఎక్స్‌టెన్షన్ పెట్టె ప్లగ్గని, మైకూ కీబోర్డూ కూడా దానికే తగిలించి ఉన్నాయని ఆయనకేం తెలుసు? చర్చంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో పెళ్ళికొడుకు తండ్రి గొంతు ఖంగుమంది.

"ఏంటండీ ఇది? మావాడికి పెళ్ళి చేస్తున్నారా, పూడ్చిపెడుతున్నారా? లేవండి, బస్సెక్కండి!"

లాజరు చూపు గడియారం మీదికి, ఆ తర్వాత చేతిలో ప్లగ్గుతో నిలబడ్డ శాలేమురాజు మీదికి వెళ్ళింది. "నీ గాజుబుడ్ల పిచ్చి తెచ్చి నా కూతురి పెళ్ళి మీద పెట్టావు కదా బావా! నీకసలు బుద్ధుందా?"

శాలేమురాజు తల వంచుకున్నాడు. కరుణ తల మాత్రం పైకి లేచింది. ఇంతకంటే ఘోరమైన మాటలు ఆమె రోజూ టిఫినుతో పాటు వడ్డిస్తుంది. అవి ఆమె అనేవి. ఇంకొకరు అనడమేంటి?

"అన్నయ్యా, నువ్వాగు," అని మధ్య నడవలోకి వచ్చి పెళ్ళికొడుకు తండ్రి ముందు నిలబడింది. "అన్నయ్యగారూ, ఒక్కమాట. ఇంకాసేపట్లో అయ్యగారు మీ అబ్బాయి చేత ఏమనిపిస్తారండీ? మరణం ఎడబాపేదాకా కలిసుంటానని కదా? మేం అదే పాటల్లో పెట్టించాం. ముందు పెళ్ళి, తర్వాత పాడీపంటా, ఆఖర్న అది. పొరపాటు కాదండీ, మా ఆయన ఏరికోరి పెట్టారు. నోటితో చెప్పడానికి లేని భయం పాడ్డానికి ఎందుకండీ?"

పెళ్ళికొడుకు తండ్రి కండువా సర్దుకుని గుమ్మం వైపు తిరిగాడు. ఆయన తల్లి అచ్చమ్మ చేతికర్ర నేలకు తాటించింది.

"ఆ అమ్మాయి చెప్పింది నిజంరా. నా పెళ్ళిలో ఏం పాడారో ఒక్క ముక్క గుర్తులేదు. మీ నాన్నని మట్టి చేసిన రోజు పాడింది ఈ పాటే. అక్షరం మర్చిపోలేదు. కూర్చో. ఇంకా ఒక చరణం ఉంది."

మైకు లేదు, కీబోర్డు లేదు. ఆ ముసలావిడ వణికే గొంతుతో ఎత్తుకుంటే ఒక్కొక్కరే కలిశారు. షారోన్ ముసుగులోంచి పాడుతూ పెళ్ళికొడుకు చెయ్యి పట్టుకుంది. అతను కూడా ఆ చేతిని గట్టిగా పట్టుకుని పాడాడు. ఎడమవైపూ కుడివైపూ ఆ సాయంత్రం మొదటిసారి ఒకే గొంతుగా పాడాయి. ఆ తర్వాత ప్రమాణాలు చేస్తున్నప్పుడు చివరి మాట దగ్గర చర్చంతా ముక్కు చీదింది.

భోజనాల దగ్గర రేపల్లెవాళ్ళు ఆ మూడు పాటల పద్ధతి తమ చర్చిలో కూడా పెడితే బాగుంటుందని చెప్పుకున్నారు. గడియారం మాత్రం వెనక్కి రాలేదు. "చర్చికిచ్చింది తీసుకెళ్ళిపోతారా మాస్టారూ?" అని వరమ్మ కళ్ళెర్ర చేసింది. కరుణ నిట్టూర్చి, సంచి అడుగు నుంచి కొత్త మిక్సీ తీసి షారోన్ చేతిలో పెట్టింది. అది ఎప్పుడు కొన్నదో శాలేమురాజుకు ఈనాటికీ తెలియదు.

మర్నాడు పొద్దున్న కరుణ కాఫీ తెచ్చేసరికి ఆయన నేల మీద కూర్చుని, గడియారాలను పాత వార్తాపత్రికల్లో చుట్టి డబ్బాలో సర్దుతున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఏంటండీ ఇది?"

"మాటిచ్చాను కదే. తేడా జరిగింది."

"ఏం తేడా?"

"అదేంటే, పెళ్ళిలో సమాధి పాట..."

"అది పొరపాటు కాదని నిండు చర్చిలో, అయ్యగారి ఎదురుగా నేను చెప్పానా లేదా?"

"చెప్పావు."

"ఇప్పుడీ డబ్బా గుమ్మం దాటిందంటే పొరపాటేనని ఒప్పుకున్నట్టు. అంటే నేను దేవుడి ముందు నిలబడి అబద్ధమాడినట్టు." కరుణ కాఫీ గ్లాసు ఆయన ముందు పెట్టింది. "ఇప్పుడు చెప్పండి. మీ పెళ్ళాం అబద్ధాలకోరా?"

శాలేమురాజు ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది గానీ, పెదవుల చివర నవ్వు దాచుకోలేకపోయింది. కట్టుకున్న ఇల్లాలి మీద అంత పెద్ద నింద వేయడానికి మనసొప్పక, ఎంతో బాధ్యతగా డబ్బా విప్పడం మొదలుపెట్టాడు.