యుక్-లిన్ చేతులకు కోడికాళ్ల సూప్

ఆదివారం పొద్దున్న కాం-టొంగ్ వేసుకున్న పథకం చిన్నదే. భార్య యుక్-లిన్ తన అక్కతో టీ తాగడానికి వెళ్తుంది, రెండింటిదాకా రాదు. ఈలోగా పాత వీడియోగేమ్ పెట్టె విప్పి, వెనకాల ఓ స్విచ్ అమర్చి, ఏమీ ఎరగనట్టు మూసెయ్యాలి. షామ్‌షుయ్‌పో ఎలక్ట్రానిక్స్ బజారులో కొన్న ఆ స్విచ్ వారంగా అతని సాక్సులో దాక్కుని ఉంది. ఆ ఇంట్లో అతను స్క్రూడ్రైవర్ ముట్టుకోకూడదు. రైస్ కుక్కర్ బాగుచేసి మూడు రోజులు నూడుల్స్ తినిపించినప్పటి నుంచీ ఈ నిషేధం అమల్లో ఉంది.

ఆ పెట్టె హాంకాంగ్ టీవీలకు తగ్గట్టు సెకనుకు యాభైసార్లు బొమ్మ వేస్తుంది. జపాన్ పెట్టెలు అరవైసార్లు వేస్తాయి. అంటే ఇక్కడివాళ్లు చిన్నప్పటి నుంచీ ఆడుతున్నది నెమ్మది ఆట. ఈ అన్యాయం కాం-టొంగ్‌ను ముప్పై ఏళ్లుగా తొలుస్తోంది. ఇప్పుడు స్విచ్ ఇటు నొక్కితే యాభై, అటు నొక్కితే అరవై. అరవైలో పెట్టి ఆడి మురిసిపోతుండగా తలుపు చప్పుడైంది. గబగబా అంతా కట్టేశాడు గానీ స్విచ్‌ను అరవైలోనే వదిలేశాడు.

యుక్-లిన్ టీ హోటల్లో రొయ్యల కుడుములు మడుస్తుంది. చేతులకు కసరత్తని రోజూ ఆ పెట్టెలో నౌకల ఆట ఒకటి ఆడుతుంది. ఎప్పుడూ తొమ్మిదో దశ దాటే మనిషి ఆవేళ రెండో దశలోనే నౌకలన్నీ పోగొట్టుకుంది. కాం-టొంగ్ వంటింట్లో టంకం ముక్కలు ఏరుకుని వచ్చేసరికి రెండు చేతులూ చాపి చూసుకుంటోంది.

"ఏంటి, గోళ్లు పెరిగాయా?"

"ఏం లేదులే."

రాత్రికి గుర్తొచ్చి అతను స్విచ్‌ను యాభైకి తిప్పేశాడు. మర్నాడు పై అంతస్తులో ఉండే యుక్-లిన్ పెద్దక్క గిన్నెడు సూప్‌తో దిగింది. అందులో కోడికాళ్లు తేలుతున్నాయి.

"తాగవే. ఏ భాగం నీరసిస్తే ఆ భాగమే కడుపులో పడాలి."

"ఎవరికి బాలేదు వదినా?" అన్నాడు కాం-టొంగ్.

"ఆడవాళ్ల విషయం. నువ్వు పేపర్ చదువుకో."

సూప్ తాగి యుక్-లిన్ ఆట మొదలుపెట్టింది. పదో దశ చేరింది. సాయంత్రానికల్లా పెద్దక్క సూప్ పేరు భవనమంతా పాకింది. మూడో అంతస్తు ముసలాయన మోకాళ్లకు కావాలని గిన్నె పంపాడు.

బుధవారం కాం-టొంగ్ ఓ ఆట ఆడుకుని స్విచ్ మళ్లీ అరవైలో మరిచాడు. యుక్-లిన్ మళ్లీ రెండో దశలో పోయింది.

"మోతాదు చాల్లేదు," అని పెద్దక్క ఈసారి డేగిసా తెచ్చి పెట్టి వెళ్లింది. యుక్-లిన్ సూప్ ముట్టుకోలేదు. కాగితం మీద ఏదో రాసి మడిచి, బల్లమీద పెట్టి, వెళ్లి కిటికీ దగ్గర కూర్చుంది.

కాం-టొంగ్ విప్పి చూశాడు. టీ హోటల్ యజమానికి రాజీనామా. ఇరవై రెండేళ్ల ఉద్యోగం.

"ఇదేంటి యుక్-లిన్?"

"చేతులు మాట వినడంలేదు. ఒకరోజు బాగుంటున్నాయి, ఒకరోజు బాగుండటంలేదు. నాన్నకీ ఇలాగే మొదలైంది. రెండేళ్లకి చాప్‌స్టిక్స్ పట్టుకోలేకపోయాడు." ఆమె అరచేతులు తిప్పి చూసుకుంది. "కుడుములు పాడుచేసి పొమ్మనిపించుకునే కన్నా నేనే మానేస్తే మర్యాద."

కాం-టొంగ్ పెట్టె తెచ్చి ఆమె ముందు వెనక్కి తిప్పాడు.

"తప్పు నీ చేతులది కాదు. ఆదివారం నేను దీన్ని విప్పి ఈ స్విచ్ పెట్టాను. ఇది అరవైలో ఉంటే ఆట వేగంగా పరుగెడుతుంది."

యుక్-లిన్ పెట్టెను టీవీకి తగిలించింది. స్విచ్ యాభైలో పెట్టి ఆడింది. తొమ్మిది దాటింది. అరవైలో పెట్టింది. రెండులో పోయింది. మళ్లీ యాభై. అప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకుని, నవ్వుతూనే ఏడ్చింది. నాలుగు రోజుల భయం అలా కరిగిపోతుంటే కాం-టొంగ్‌కూ కళ్లు చెమర్చాయి.

"నా చేతులు బాగానే ఉన్నాయి."

"ఉన్నాయి. మరి తీసెయ్యనా దీన్ని?"

"ముట్టుకున్నావంటే చూడు. అరవైలో తొమ్మిది దాటేదాకా అదక్కడే ఉండాలి." రాజీనామాను నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసి, ఫోన్ తీసి అక్కకు జరిగిందంతా చెప్పింది.

ఆ తర్వాతి ఆదివారం పెద్దక్క చిన్న గిన్నెతో దిగి, దాన్ని తిన్నగా కాం-టొంగ్ ముందు పెట్టింది. మూత తీస్తే లోపల పంది మెదడు ఉంది.

ఎవరికి బాలేదని అతను అడగలేదు.