సతీశ్ ఎక్కించిన అరబ్బీ

వినాయక చవితి ఇంకా రెండు రోజులుందనగా, భువనగిరిలో ఫ్లెక్సీల దుకాణం నడిపే సతీశ్ పొద్దున్నే ఒక చిన్న పని పెట్టుకున్నాడు. ఆగి ఆగి నడుస్తున్న డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను తీసేసి కొత్తగా ఎక్కించుకోవడం. చాయ్ చల్లారేలోపు అయిపోయే పని. ఆ తర్వాత కాలనీ వినాయక కమిటీ ఫ్లెక్సీ కొట్టి, మధ్యాహ్నానికల్లా మండపం ముందు కట్టించాలి. కమిటీకి అధ్యక్షుడు వీరేశం. సతీశ్ దుకాణమున్న జాగా కూడా వీరేశానిదే. దసరాతో కిరాయి గడువు ముగుస్తుంది. ఆ తర్వాత ఉండనిస్తాడా, వెళ్లగొడతాడా అన్నది ఆయన మొహంలోని ప్రసన్నతను బట్టి ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ ఎక్కించడంలో సతీశ్‌ది ఒకటే పద్ధతి. కంప్యూటర్ ఏమడిగినా ఎంటర్ కొట్టడం. షరతులకు ఒప్పుకుంటావా అంటే ఎంటర్. ఎక్కడ పెట్టమంటావు అంటే ఎంటర్. ఏ భాష కావాలి అన్నా ఎంటరే. భాషల వరుసలో అన్నిటికంటే పైన అరబ్బీ ఉంది.

తెర తెరుచుకోగానే సతీశ్ నోరూ తెరుచుకుంది.

"నవనీతా! ఓ నవనీతా! జర ఇటు రాయే!"

దుకాణం వెనకే ఇల్లు. పిండి చేతులతోనే వచ్చిన భార్య నవనీత తెరను ఒకసారి, మొగుణ్ని ఒకసారి చూసింది.

"ఇదేందయ్యా, మన కంప్యూటర్ దుబాయ్ పోయొచ్చిందా?"

"నేనేం జెయ్యలే. ఎంటర్ కొట్టిన, గంతే."

"భాష మార్చే కాడ మార్చు మరి."

"గదేడ ఉందో గూడ అరబ్బీలనే రాసున్నది!"

"అయితే తీసేసి మళ్ల ఎక్కియ్యి. ఈసారన్న చదువు."

"గంత టైం లేదే. నేనేమన్న చదివి నొక్కుతనా? ఏది ఏడుందో నా చేతికెరుక."

చేతికి నిజంగానే తెలుసు. కానీ అరబ్బీ కుడి నుంచి ఎడమకు నడిచే భాష. దాంతోపాటు తెరమీది బటన్లు కూడా అటువి ఇటు, ఇటువి అటు మారి కూర్చున్నాయి. సతీశ్ ఫైలును దాచబోయి మూసేశాడు. మళ్లీ తెరిచి, మూయబోయి వినాయకుణ్ని ఇద్దరిని చేశాడు. చివరికి ఎలాగో ఒక్క వినాయకుడు మిగిలాడు. తెలుగు అక్షరాలు తెలుగులోనే పడటంతో కాస్త ఊపిరి పీల్చుకున్నాడు.

కమిటీ ఫ్లెక్సీకి ఒక మర్యాద ఉంది. దేవుడి కింద అధ్యక్షుడి ఫోటో పళ్లెమంత ఉండాలి. అక్కణ్నించి హోదా తగ్గేకొద్దీ మొహమూ తగ్గుతూ పోయి, చివర టెంట్‌హౌస్ భిక్షం దగ్గరికి వచ్చేసరికి బొట్టుబిళ్లంత అవుతుంది. 'అధ్యక్షుడు' అన్న మాట పెద్ద గడి కింద ముందే అచ్చై ఉంటుంది. ఫోటోలన్నీ ఒకేసారి వదిలితే అవే వరుసగా గడుల్లో కూర్చుంటాయి. ఆ రోజు కూడా కూర్చున్నాయి, అరబ్బీ వరుసలో. ఇంకేది ముట్టుకుంటే ఏమవుతుందోనన్న భయంతో, సతీశ్ పైనున్న దేవుణ్ని మాత్రం చూసుకుని, తెరను కిందికి జరపకుండానే ప్రింటుకు వదిలేశాడు.

అప్పుడే వీరేశం ఫోన్ చేశాడు. "ఏం రా సతీశ్, నా ఫోటో వచ్చిందా?"

"వచ్చిందన్నా. మస్తుగొచ్చింది."

ఫోటో రావడం మాత్రం నిజమే.

భిక్షం మనుషులు ఫ్లెక్సీని చుట్ట చుట్టి పట్టుకుపోయి, మధ్యాహ్నానికల్లా కట్టేశారు. సాయంత్రం మండపం దాకా వెళ్లిన సతీశ్ తల ఎత్తి చూసి, అక్కడున్న కర్రను పట్టుకున్నాడు. దేవుడి కింద పళ్లెమంత భిక్షం నవ్వుతున్నాడు. కింద 'అధ్యక్షుడు' అని ఉంది. వీరేశం ఎక్కడున్నాడో కనిపెట్టడానికి సతీశ్ దగ్గరికి నడవాల్సి వచ్చింది.

పరుగున దుకాణానికి వచ్చి, "సామాన్లు సదురు, నవనీతా. మన జాగా పోయింది" అన్నాడు.

"సామాన్లెందుకు? సాఫ్ట్‌వేర్ సదిరిన. భాష అడిగినకాడ ఆగిన, చదివిన, ఇంగ్లీషు పెట్టిన. కొత్త ఫ్లెక్సీ కొట్టు."

అంతలో భిక్షం రొప్పుతూ లోపలికి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"తమ్మీ, నీ కాళ్లు మొక్కుత, నా మొకం తీసెయ్. మధ్యాహ్నం కట్టంగ చూసి, అన్ననే నన్ను ముంగట పెట్టిండనుకొని కండ్లల్ల నీళ్లు పెట్టుకున్న. గంటల్నే సుక్కలు కనవడ్డయి. డీజేవోడు నా ఇంటికే, కరెంటోడు నా ఇంటికే. లడ్డు వేలం మా గల్లీల పెట్టాలని ఒకలు, మా గల్లీల అని ఒకలు. అధ్యక్షుని చందా ఏదని అందరు! గిది అన్న పని కాదు, నీ పొరపాటే! అన్నకు ముచ్చట తెలిస్తె సంపుతడు!"

తెలిసినట్టే ఉంది. గుమ్మంలో వీరేశం నిలబడ్డాడు. భిక్షం స్టూలు మీద నుంచి లేచి నవనీత వెనక్కి చేరాడు.

వీరేశం నిదానంగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"మధ్యాహ్నం సంది ఒక్క ఫోన్ రాలేరా. అన్నం తిన్న. పండుకున్న. ఇంత సేపు నిద్ర పోతున్ననేందని నా పెండ్లాం నాడి పట్టి చూసింది."

"అన్నా, తప్పైంది. ఇప్పుడే కొత్తది..."

"కొత్తది కొట్టినవంటె ఊకోను! పద్దెనిమిదేండ్ల సంది నన్ను ఇడిసిపెట్టుండ్రి అంటె ఒక్కడు ఇనలే. ఏం భిక్షం, మంచిగున్నవా, అధ్యక్షా?"

భిక్షం మళ్లీ స్టూలు వెతుక్కున్నాడు.

"మరి జాగా అన్నా?" సతీశ్ అడిగాడు.

"నిన్నెవడు పొమ్మన్నడు? ఉండు. దసరాకు అమ్మవారి ఫ్లెక్సీ గూడ గిట్లనే కొట్టు. నేను సివరకుండాలె."

సంతోషంలో సతీశ్ ఛాతీ విరుచుకున్నాడు. "ఫికర్ చెయ్యకన్నా, మా నవనీత అంత సక్కజేసింది. ఇగ జన్మల గట్ల కాదు!"

వీరేశం మొహం ఎర్రబడింది. "నన్నడగకుంట ఎట్ల సక్కజేసిన్రు రా?"

కిరాయికున్నవాళ్లు చెడిపోయినదాన్ని తామే బాగుచేసుకున్నందుకు యజమాని కోప్పడటం భువనగిరిలో అదే మొదటిసారి.