కోతల లోకానికి శరణార్థులు

కరెంటు కోత శాపమని ఎవరన్నారండీ? వరం! నమ్మకపోతే తొంభై రెండు వేసవిలో భట్టిప్రోలు కాలవగట్టున దిగిన శరణార్థులనడగండి!

వాళ్ళదీ భట్టిప్రోలే. కాకపోతే మన లోకంలోది కాదు, పక్క లోకంలోది. గట్టు మీద గాలిలో తలుపంత కంత పడితే, అందులోంచి మూటాముల్లెతో పద్నాలుగు మంది ఇవతలికొచ్చారు. అక్కడ కరెంటు పుట్టాక ఒక్కసారి కూడా పోలేదట! ఎంత ఘోరమో ఊహించండి!

కరెంటాఫీసులో ఫిర్యాదుల ఫోనెత్తే గుమాస్తా రంగనాయకులు రేపల్లె నుంచి బస్సెక్కి వాళ్ళను చూడబోయాడు. ఇరవై ఏళ్ళుగా జనం ఆయన ఏడు తరాలనూ ఫోన్లో తలుచుకుంటున్నారు. అలాంటి మనిషికి భ్రమరాంబ అనే శరణార్థి వంగి దండం పెట్టింది!

"మా లోకంలో టీవీ ఆగదు బాబాయ్‌గారూ. మా ఆయన నా వైపు తిరిగి పదకొండేళ్ళయింది. నిన్న మీరు కరెంటు తీశారు చూడండి, 'జుట్టు నెరిసిందేంటే నీకు!' అన్నాడండి!" అంటూ ఆనందంతో ఏడ్చేసింది.

రంగనాయకులు కళ్ళు చెమ్మగిల్లాయి. ఉద్యోగంలో చేరాక ఆయన విన్న మొదటి మంచిమాట అది. పైవాళ్ళను బతిమాలి శరణార్థుల పాకలకు రోజుకు ఎనిమిది గంటల స్పెషల్ కోత వేయించాడు. ఎవరైనా ఫోన్ చేసి అరిస్తే, "కోత కాదండీ, కాపురాలు నిలబెట్టే కార్యక్రమం!" అని దబాయించాడు.

శరణార్థుల సంబరం చెప్పనలవి కాదు. దోమ కుడితే ఇరుగుపొరుగును పిలిచి దద్దురు చూపించుకున్నారు! మొదటి చెమట పట్టినవాడు స్వీట్లు పంచాడు!

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం ఆఫీసులో ఫోన్ మోగింది. భ్రమరాంబ!

"ఏమయ్యా రంగనాయకులూ! కరెంటిస్తావా, మీ తాతముత్తాతల్ని పేరుపేరునా పిలవమంటావా?"

ఏం ధాటి! ఏం ధారాళం! నాలుగు రోజులకే మన పౌరసత్వం వచ్చేసింది! ఎంతైనా మన నేల మహిమండీ!

సాయంత్రానికల్లా పద్నాలుగు మందీ మూటలు కట్టుకుని కంతలోంచి వెనక్కి పోయారు. వాళ్ళ వెనకే తెనాలి, బాపట్ల జనం పెట్టేబేడాతో బారులు తీరారు. అందరికన్నా ముందు ఎవరనుకున్నారు? రంగనాయకులు!

అవతలి గట్టున ఒక ఆఫీసరు కాగితం తీశాడు.

"ఏం చేస్తుంటారండీ?"

"కరెంటాఫీసులో ఫిర్యాదులు వింటానండి."

"మాకు కరెంటే పోదు గదండీ! ఇక్కడ మీకేం పనుంటుంది?"

"అందుకేనండీ బాబూ, వచ్చింది!"