పాటకు ఆగిన పడవ

మన దేశానికీ, ఎక్కడో ఉత్తరాన మంచులో ఉన్న ఒక మిత్రదేశానికీ మధ్య శాశ్వత మైత్రికి మా పాలెమే పునాదిరాయి అని పంచాయతీ సమితి అధ్యక్షులు గంగాధరం గారు 1963 జనవరిలో ప్రకటించారు. మా పాలెం కోట అనే ఊరికి తూర్పున, సముద్రం ఒడ్డున ఉంది. అంతవరకూ మా నెత్తిన ఇంత బరువుందని మాకెవరికీ తెలియదు. నేను ఇక్కడి మిషను బడి పంతులిని, పేరు హెబ్రోను.

సంగతేమిటంటే, మిత్రదేశం మా పాలేనికి ఒక మరపడవ ఉచితంగా పంపింది. అది తెప్ప మీద చేపలు పట్టుకునే చెంచయ్యకు మంజూరైంది. పాత తెప్ప ఉన్నవాడికి కొత్త పడవ ఇవ్వకూడదని రూలు. అందుకని చెంచయ్య, తండ్రి నాటి తెప్పను విప్పి సమితికి అప్పజెప్పాడు. ఆ దుంగలు వృథా కాలేదు. వాటితోనే ప్రారంభోత్సవానికి స్వాగతద్వారం నిలబెట్టారు.

రిబ్బను కత్తిరించిన సాయంత్రమే పడవలోని ఇంజను ఊడదీసి, పరీక్ష నిమిత్తం మనుబోలు పక్కనున్న గంగాధరం గారి పొలానికి తీసుకుపోయారు. పరీక్ష ఎనిమిది నెలలు సాగింది. ఇంజను బావిలో నీళ్ళు తోడుతూ రోజూ పాసవుతూ వచ్చింది. ఈ లోపల పడవ ఒడ్డున, తెప్ప ద్వారంలో, చెంచయ్య ఆ రెంటి మధ్యా ఉండిపోయారు. పెళ్ళాం గురవమ్మ ఇతరుల చేపలు గంపకెత్తుకుని కోట దాకా నడిచి, ఇంటికి గంజి తెచ్చేది. నేను మూడు అర్జీలు రాసిపెట్టాను. అర్జీలన్నీ అధ్యక్షుల ద్వారానే పంపాలి గనక మూడూ భద్రంగా ఆయన దగ్గరే ఉన్నాయి.

ఉపాధ్యక్షులు ముత్యాలయ్య గారు మాత్రం ఊరుకోలేదు. ఇది ఘోరమైన అన్యాయమనీ, ఏడాదిలో ఆరు నెలలు ఇంజను తన పొలంలో ఉండాలనీ సభలో బల్ల గుద్దారు. ప్రతిపక్షమంటూ ఉన్నచోట ప్రజాస్వామ్యం అలా వర్ధిల్లుతుంది.

సెప్టెంబరులో తంతి వచ్చింది. మిత్రదేశపు దొర మరపడవను కళ్ళారా చూడటానికి వస్తున్నాడు. ఇంజను తెప్పిస్తే పొట్టమీదున్న వరి ఎండిపోతుంది. దేశానికి ఆహారధాన్యాలు ఎంత అవసరమో గంగాధరం గారికి అప్పుడు గుర్తొచ్చింది. దొరకు ఆకాశరామన్న ఉత్తరం రాస్తానని ముత్యాలయ్య గారు బెదిరించారు. రెండో ఇంజనంటూ వస్తే అది ఉపాధ్యక్షులదేనని ఒప్పందం కుదిరి, మా సమితిలో శాంతియుత సహజీవనం నెలకొంది.

ఉపాయం కూడా ముత్యాలయ్య గారిదే. మా పాలెంలో అలివి వలను సముద్రంలో వేసి, దాని తాళ్ళను ఒడ్డునుంచి యాభైమంది పాట పాడుతూ లాగుతారు. పాట లేనిదే చేతులు కదలవు. ఆ తాడునే ఈసారి పడవ అడుగున కట్టారు. ఖాళీ ఇంజను పెట్టెకు తాళం వేసి, పసుపూ కుంకుమా పూసి, పూజ చేసిన పెట్టె తెరవకూడదన్నారు. పడవను ముందే సముద్రం లోపలికి చేర్చి, దొరనూ, దుబాసీగా నన్నూ వేరే తెప్ప మీద తీసుకెళ్ళి ఎక్కించారు. చుక్కాని దగ్గర చెంచయ్య కూర్చున్నాడు.

ఒడ్డున పాట మొదలైంది. పడవ కదిలింది. వాళ్ళు వల లాగుతున్నారని దొరకు చెప్పాను. తమ దేశంలో ఈ ఇంజను పక్కవాడి మాట వినబడనివ్వదనీ, ఇక్కడింత నెమ్మదిగా ఎలా ఉందనీ ఆయన అడిగాడు. చెంచయ్య నూనె బాగా పోస్తాడన్నాను. దొర రాసుకున్నాడు.

ఇంకా సగం దూరముండగానే, ఒడ్డునున్న గంగాధరం గారు ఉత్సాహం పట్టలేక బడిపిల్లలకు సైగ చేశారు. పిల్లలు జాతీయగీతం ఎత్తుకున్నారు. అంతకు ముందటేడు సరిహద్దులో యుద్ధం జరిగినప్పుడు, ఆ గీతం వినిపిస్తే చేతిలో ఏమున్నా వదిలేసి నిటారుగా నిలబడాలని పాలెమంతటికీ నేర్పింది నేనే. యాభైమందీ తాడు వదిలేసి నిలబడ్డారు. పడవ ఆగిపోయింది.

దొర కంగారుగా నా వైపు చూశాడు. గీతాన్ని గౌరవించి ఇంజను ఆపేశారన్నాను. ఆయన టోపీ తీసి, ఊగే పడవలో లేచి నిలబడ్డాడు. కళ్ళు చెమర్చాయి. చెంచయ్య కూడా లేచాడు గాని చుక్కాని వదల్లేదు. పడవ మెల్లగా సముద్రం వైపు తిరిగింది. ఎనిమిది నెలల్లో వాడి ముఖం వెలగడం నేను చూసింది ఆ ఒక్క నిమిషమే.

గీతం అయిపోయింది. మళ్ళీ పాట, మళ్ళీ ప్రయాణం. ఒడ్డున స్వాగతద్వారం కింద దొర చెంచయ్య భుజం మీద చెయ్యి వేసి, తమ దేశం నుంచి ఇంకేం కావాలో అడగమన్నాడు.

చెంచయ్య ద్వారం గుంజ మీద చెయ్యి పెట్టాడు. "మర వద్దు సామీ. నా తెప్ప నాకిప్పించమనండి అయ్యోరా. ఇయ్యే దుంగలు."

నాకు కుడిపక్క గంగాధరం గారు, ఎడమపక్క ముత్యాలయ్య గారు. మా బడికి సమితి గుర్తింపు ఆ నెలలోనే రావాలి.

"ఇంకో ఇంజను కావాలంటున్నాడు" అని ఇంగ్లీషులో చెప్పాను.

ఇంజను డిసెంబరులో దిగి, దారి తప్పకుండా ముత్యాలయ్య గారి పొలానికి చేరింది. దాన్ని చూసుకోవడానికి చెంచయ్యను కూలికి పెట్టుకున్నారు. మిత్రదేశం పంపిన ఇంజనును మత్స్యకారుడే నడుపుతున్నాడని సమితి వార్షిక నివేదిక రాసింది. అందులో అబద్ధం అక్షరం లేదు. మా బడికి గుర్తింపు కూడా వచ్చింది.

మొన్న ఆ పొలం గట్టు మీద పోతుంటే చెంచయ్య కనిపించాడు. మోకాళ్ళ దాకా బురద.

"అయ్యోరా, ఆ పొద్దు నా మాట దొరకు చెప్పినారా?"

"చెప్పినా చెంచయ్యా."

"ఏమన్న్యాడు?"

"పంపిస్తానన్నాడు."

"తెప్పనా?"

అవతలి గట్టు మీదినుంచి ముత్యాలయ్య గారు కేకేశారు. చెంచయ్య వంగి ఇంజను తిప్పాడు. దొర చెప్పింది నిజమే, పక్కవాడి మాట వినబడనివ్వలేదు. నాకు జవాబు చెప్పే పని తప్పింది.